విరగని కోడి కాలు

కోడి నడిస్తే మనిషి నడుస్తాడు. ఎముకలు కట్టే అజిందో ఇంట్లో తాతల నాటి మాట అది. కాలు విరిగినవాళ్ళను తలుపు చెక్క మీదో తోపుడు బండి మీదో మోసుకొస్తారు. ముందు ఆ కాలు లాగి, ఎముక సర్ది, వేర్లూ ఆకులూ నూరిన ముద్ద పట్టించి, బద్దలు పెట్టి కడతారు. వెంటనే ఆ మనిషి కళ్ళ ముందే ఒక కోడిని పట్టుకొచ్చి దాని కాలు కూడా అదే చోట విరుస్తారు. దానికీ అదే ముద్ద, అలాంటి బద్దలే. ఇక అజిందో ఇంట్లో రోగికిచ్చిన గదిలోనే ఆ కోడీ ఉంటుంది, రోగి తినే సంకటే తింటుంది. దాని కట్టు విప్పి, అది నాలుగడుగులు వేసిన రోజున మనిషి కట్టు విప్పుతారు. అంతదాకా రోగి చూపంతా కోడి మీదే.

ఆ గురువారం పొద్దున బరికిసు అనే రోగి కోడి నడిచింది. నడవడమేమిటి, అజిందో బద్దలు విప్పి వదలగానే రెక్కలు కొట్టుకుంటూ వాకిలంతా చుట్టబెట్టి, ఎగిరి మట్టి గోడ మీద కూర్చుంది. పట్నం నుంచి చూడ్డానికి వచ్చిన ఆరోగ్య శాఖ వాళ్ళు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. అందులో ఒకాయన గోడ మీది కోడికి ఫొటో తీశాడు. పక్కింటి ముసలాయన మాత్రం గడ్డం గోక్కుంటూ, తన చిన్నప్పుడు కట్టు విప్పిన కోళ్ళు వారం రోజులు కుంటేవనీ, ఈ కాలం కోళ్ళకి బలం ఎక్కువనీ అన్నాడు. అందరూ నవ్వారు. అజిందో కూడా నవ్వాడు. ఆ కోడి కాలు అసలు ఏనాడూ విరగలేదని తెలిసినవాళ్ళు ఆ వాకిట్లో ఇద్దరే అనుకున్నాడతను. ఒకడు తను. రెండోది తన పెళ్ళాం సెనాటు. ఆవిడ మూలన కూర్చుని వెన్న తీసే షియా గింజలు దంచుతూ తల ఎత్తలేదు.

బరికిసుని తీసుకొచ్చింది ఆరు వారాల కిందట. షియా బస్తాలతో వస్తున్న మూడు చక్రాల బండి ఎర్రమట్టి రోడ్డు మీద బోల్తా కొట్టి, మోకాలి కింద ఎముక పుటుక్కున విరిగింది. చర్మం చిరగలేదు, అదొక్కటే అదృష్టం. ముప్ఫై ఏళ్ళ మనిషి. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు తోరా ఆట కడితే, తుంటికి తుంటి కొట్టి అవతలిదాన్ని మూడడుగులు వెనక్కి పంపించేది ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే. ఆ ఆట చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. తలుపు చెక్క మీద పడుకుని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ కూడా, "బాబాయ్, కాలు తీసెయ్యకు, రెండోది ఒంటరిదైపోతుంది," అంది. మోసుకొచ్చిన మొగుడు సుమైలాకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కాళ్ళు తీసెయ్యడం అజిందో పని కాదు. ఆస్పత్రి వాళ్ళ పని అని ఊళ్ళో అనుకుంటారు, అందుకే ఎముక విరిగితే ఎవరూ ఆస్పత్రికి పోరు. ఆ భయం పోగొట్టడానికే రెండేళ్ళ కిందట ఆరోగ్య శాఖ చుట్టుపక్కల కట్టు వైద్యులందర్నీ పిలిచి మూడు రోజులు కూర్చోబెట్టింది. అక్కడ కుదిరిన ఒప్పందం ఇంతే. తోలు చీలి ఎముక బయటికొస్తే ఎవరూ ముట్టుకోకుండా ఆస్పత్రికి పంపాలి. లోపల విరిగితే అజిందో లాంటివాళ్ళు కట్టుకోవచ్చు. ఊరి క్లినిక్‌లో ఉండే నర్సు అపోకా వచ్చి నొప్పికి సూది వేస్తుంది, కట్టు విప్పాక, నడవనిచ్చే ముందు, పట్నం పంపించి ఎక్స్‌రే తీయిస్తుంది. అజిందో మూడో తరగతిలో బడి మానేసినవాడు. ఎముకల సంగతి బడిలో చెప్పరని వాళ్ళ నాన్న జిబిలిమ్ చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు. అలాంటివాడికి ఫొటో అంటించిన కార్డు ఇచ్చి, మీరూ మేమూ ఒకటే పని చేస్తున్నాం అని ఆ చదువుకున్నవాళ్ళు అంటే, ఛాతీ రెండంగుళాలు పెరిగిన మాట నిజం. ఆ కార్డు గుమ్మం పక్కన మేకుకి తగిలించాడు.

కార్డు వచ్చిన ఏడాదే బొటనవేళ్ళు మొదలయ్యాయి. మొదట పొద్దున లేవగానే బిగిసేవి. తర్వాత మొదళ్ళలో వాచాయి. అదే నొప్పితో ఎవరైనా ముసలమ్మ వస్తే అతను ఏం చెప్పేవాడో అందరికీ తెలుసు. షియా వెన్నలో వేరు నూరి పట్టించు, వేడి నీళ్ళలో ఆకు వేసి కాపడం పెట్టు, నెల రోజులు రోకలి పట్టకు. అది అబద్ధపు వైద్యం కాదు, బాగుపడ్డవాళ్ళు ఎందరో ఉన్నారు. నర్సు అపోకా కూడా దాన్ని కాదనేది కాదు. కాపడం పెట్టుకో అమ్మా, దాంతోపాటు ఈ వ్యాయామం చెయ్యి, అన్నం తిన్నాక ఈ మాత్ర వేసుకో అనేది. కానీ కట్టు వైద్యుడి చేతులకి నెల రోజుల విశ్రాంతి ఎవడిస్తాడు. ఒకసారి అపోకా అతని వేళ్ళ వైపు చూసి ఏమిటి పెద్దయ్యా అని అడిగితే, చేతులు అంగీ కిందకి లాక్కున్నాడు. తన నొప్పి తనే తగ్గించుకోలేనివాడి దగ్గరికి ఎవరొస్తారు. ఆ వారమే తనని ఎరగని దూరపు సంతకి పోయి, నేల మీద గుడ్డ పరుచుకుని మాత్రలమ్మేవాడి దగ్గర ఒక అట్ట కొన్నాడు.

మాత్రలు వేసుకుంటే నొప్పి పోయేది. కానీ వేలి కొసల్లో ఉండే చూపు కూడా మసకబారేది. ఎముకలు కట్టేవాడికి కళ్ళు వేళ్ళలోనే ఉంటాయి. విరిగిన రెండు ముక్కలూ ఎదురెదురుగా వచ్చి కూర్చున్నప్పుడు బొటనవేలికి అది తెలుస్తుంది. ఇది అని చెప్పలేం, తెలుస్తుందంతే. బరికిసు కాలు లాగిన రోజున అజిందో కడుపులో రెండు మాత్రలున్నాయి. లాగాడు, సర్దాడు, నొక్కి చూశాడు. వేలికి ఏమీ తెలియలేదు. సరిపోయిందేమో అనుకున్నాడు. ఆ 'ఏమో' మీదే బద్దలు పెట్టి కట్టేశాడు.

పంతొమ్మిదో రోజున కోడి చచ్చిపోయింది. ఎడారి గాలితోపాటు కోళ్ళకి తెగులొచ్చి ఊరంతా ఊడ్చుకుపోయింది, అందులో ఇదీ ఒకటి. బరికిసు ఇంకా నిద్ర లేవలేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో అజిందోకి తెలియక కాదు. వాళ్ళ నాన్న బతికుండగా మూడుసార్లు అలాగే అయింది. ముసలాయన రోగి పక్కన కూర్చుని, నీ కోడి పోయిందమ్మా, ఇంకోదాని కాలు విరుస్తున్నా, రోజులు మళ్ళీ మొదటి నుంచి లెక్క, అని చెప్పేసేవాడు. రోగి మూలిగేవాడు, అంతే. చెప్పడం అంత తేలికైన పని.

కానీ ఇంకో ఇరవై మూడు రోజుల్లో పట్నం వాళ్ళు వస్తున్నారు. ఎవరింటికి తీసుకెళ్తావని వాళ్ళు అడిగితే నర్సు అపోకా అజిందో పేరు చెప్పింది. ఆ రోజు కోడి కట్టూ మనిషి కట్టూ రెండూ విప్పడం చూస్తారని రాసి పంపింది. లెక్క మళ్ళీ మొదలుపెడితే ఆ రోజుకి చూపించడానికి ఏముంటుంది. పైగా కోడి పోయిందంటే, వైద్యుడి చెయ్యి మంచిది కాదనే నోళ్ళు ఊళ్ళో కొన్ని ఎప్పుడూ ఉంటాయి. అందుకని అలాంటి చుక్కల కోడినే ఇంకోదాన్ని వెతికి తెచ్చాడు. కనీసం దాని కాలైనా విరుద్దామని గాదె వెనక్కి తీసుకెళ్ళి కూర్చున్నాడు.

విరగలేదు. బొటనవేళ్ళు పెట్టి నొక్కితే నొప్పి మోచేతి దాకా పాకింది. మోకాలికి ఆనించి చూశాడు, పట్టు జారింది. కోడి అరుస్తూనే ఉంది, ఎముక మాత్రం అలాగే ఉంది. పుల్లంత ఎముక. సెనాటు గాదె పక్కన నిలబడి చూస్తోందని అప్పుడు గమనించాడు.

"వదిలెయ్యవయ్యా. అది నిన్ను చూసి జాలిపడి తనే విరుచుకునేట్టుంది," అంది.

 సెనాటు గొంతు తగ్గించి, ఆ పిల్లకి చెప్పెయ్యి, కాలు ఒకసారి నర్సు మేడంకి చూపించు అంది. నోరు మూసుకోమన్నాడు. బాగున్న కాలికే ముద్ద పట్టించి, బద్దలు కట్టి, బరికిసు లేచేలోపు గదిలో పెట్టి వచ్చాడు. కోడి కాలు విరవలేని చేతులు మనిషి కాలు ఎలా సర్ది ఉంటాయో అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినా మనసులోంచి నెట్టేశాడు.

ఇక ఆ గురువారం. కోడి గోడెక్కాక బరికిసు కట్టు విప్పారు. వాపు తగ్గింది, నొక్కితే నొప్పి లేదంది. కానీ లేచి నిలబడేసరికి పాదం ముందుకి చూడాల్సింది పోయి పక్కకి చూస్తోంది. ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు. అజిందో ఒక్క చూపులో చూసి కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. అపోకా మోకాళ్ళ మీద కూర్చుని మోకాలి కింది ఎముక పొడవునా చెయ్యి పెట్టి రాసి చూసింది. రెండోసారి రాసి చూసింది. కాలు మీద బరువు వెయ్యకుండా ముందు పట్నంలో ఎక్స్‌రే తీయిద్దాం అంది.

అప్పుడు అజిందో అన్న మాట అతనికి చచ్చేదాకా గుర్తుంటుంది.

"ఫొటో ఎందుకు మేడం. కోడి నడిచింది కదా."

పట్నం వాళ్ళకి ఆ మాట తెగ నచ్చింది. ఒకామె దాన్ని పుస్తకంలో రాసుకుంది. పెద్దవాళ్ళ ముందు అపోకా ఇంకేమీ అనలేదు, చేతులు దులుపుకుని లేచింది. సుమైలా ఆనందం పట్టలేక పెద్దవాళ్ళకి మర్యాదగా ఇచ్చే కోలా కాయలు తెచ్చి అజిందో చేతిలో పెట్టాడు. బరికిసు మొగుడి భుజం పట్టుకుని, పాదాన్ని పక్కకి ఈడ్చుకుంటూ ఇంటికి వెళ్ళింది.

తర్వాత ఏడు రోజులు అజిందో ఆ వీధి మొగలో నుంచి పోలేదు. మసీదుకి కూడా చుట్టు తిరిగి వెళ్ళాడు. ఎనిమిదో రోజున సుమైలా కబురు పంపాడు, మా ఆవిడ నీతో ఒక మాట చెప్పుకోవాలంటోంది అని. ఇక తిట్లే అనుకున్నాడు. నిజానికి తిడితే బాగుండును అనుకుంటూనే వెళ్ళాడు.

బరికిసు గుమ్మంలో చాప మీద కూర్చుని ఉంది. కాలు మళ్ళీ వాచింది. అతన్ని చూడగానే లేవబోయి, లేవలేక, కూర్చున్న చోటే తల వంచి దణ్ణం పెట్టింది.

"తప్పైపోయింది బాబాయ్. నువ్వు వేరుశనగ ముట్టొద్దన్నావు. నేను రెండుసార్లు తిన్నాను. మూడో వారంలో ఒకసారి, మా వదిన తెస్తే ఇంకోసారి. కోడి మాట నిలబెట్టుకుంది, నేనే నిలబెట్టుకోలేదు."

సుమైలా పక్కనే నిలబడి పెళ్ళాన్ని కోప్పడ్డాడు. నోటికి తాళం లేని మనిషి, అంత పెద్దాయన పేరు చెడగొట్టింది అన్నాడు. ఇప్పుడు దీనికి ఏదైనా పరిహారం ఉంటే చెప్పమన్నాడు. మేకనైనా ఇస్తామన్నాడు. నర్సమ్మ రెండుసార్లు వచ్చి పట్నం పోదామందని, తప్పు తనదైతే ఆస్పత్రి ఏం చేస్తుందని బరికిసే పంపించేసిందని చెప్పాడు.

 వేరుశనగ తినొద్దని చెప్పేది ముద్ద పట్టించిన చోట దురద పుడుతుందని. దానికీ ఎముకకీ ఏమీ సంబంధం లేదని అజిందోకి వాళ్ళ నాన్నే చెప్పాడు. ఆ ఒక్క మాటైనా అనొచ్చు. అనలేదు. ఏమన్నాడంటే, సరేలే, ఇక ముట్టకు అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోనన్నాడు. క్షమించినట్టు ఆ అమ్మాయి తల మీద చెయ్యి కూడా పెట్టాడు. అలా ఎలా చెయ్యగలిగాడో అతనికే అంతుపట్టలేదు. వేసిన అడుగు తెలియకుండా ఇంటికి నడిచి వచ్చాడు.

సెనాటు ఏం జరిగిందని అడిగింది. దాచే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పాడు.  సంకటి గిన్నె అతని ముందు పెట్టి, కూర్చోకుండా నిలబడే అంది.

"తినకూడనివన్నీ రోగికే చెప్పారు మీ తాతలు. కట్టేవాడికి ఏమీ చెప్పలేదు, చూశావా."

గిన్నె అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే అజిందో క్లినిక్‌కి వెళ్ళాడు. బిడ్డలతో వచ్చిన తల్లులందరూ వెళ్ళేదాకా వేపచెట్టు కింద కూర్చుని, చివరికి లోపలికి పోయి, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నట్టు అడిగాడు, వంకరగా అతుక్కున్న ఎముకని ఎన్నాళ్ళలోపు మళ్ళీ సరిచెయ్యొచ్చని. అపోకా సిరంజిలు సర్దడం ఆపలేదు. ఎముక చుట్టూ పుట్టే కొత్త ఎముక గట్టిపడక ముందైతే తేలిక, మనం తొందరగా వెళ్తే పట్నం డాక్టరు ఎక్కువ కొయ్యకుండా చెయ్యగలడు, ఇంకో రెండు మూడు వారాలు పోతే రంపం పట్టాల్సిందే, ఆ తర్వాత ఆ మనిషి జీవితమంతా కుంటుతుంది అంది. అప్పుడు తలెత్తి, ఎవరి కాలు అని అడిగింది.

"బరికిసుది," అన్నాడు అజిందో, నేల వైపు చూస్తూ.

తనకి ఆ రోజే తెలుసంది అపోకా. చేత్తో రాసి చూసినప్పుడే ఎముక ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుందని తెలిసిందంది. పెద్దవాళ్ళ ముందు తనూ నోరు మూసుకున్నానని, ఆ సంగతి తలుచుకుంటే తనకీ అన్నం సయించడం లేదని అంది. తర్వాత రెండుసార్లు వెళ్ళి బతిమాలినా ఆ అమ్మాయి కదల్లేదంది.

"నేను వెయ్యి చెప్పినా ఆమె వినదు పెద్దయ్యా. కోడి నడిచింది కదా అంటుంది. అది మీరన్న మాట. దాన్ని మీరే వెనక్కి తీసుకోవాలి."

అజిందో లేచాడు. క్లినిక్ నుంచి బరికిసు ఇంటికి రెండు వందల అడుగుల దూరం కూడా ఉండదు. దారిలో ముగ్గురు పలకరించారు. ఒకడు, పట్నం వాళ్ళు నీ కోడి ఫొటో అందరికీ పంపుతున్నారట, పెద్దవాడివైపోయావు అన్నాడు. ఇంకొకడు భుజం నొప్పికి ఎప్పుడు రమ్మంటావు అని అడిగాడు. వెనక్కి తిరిగిపోవడానికి ఒక్కొక్కరూ ఒక్కో సాకు ఇస్తున్నట్టే ఉంది. అతను ఎక్కడా ఆగలేదు, ఆగితే ఇక నడవలేనని తెలుసు.

బరికిసు వాకిట్లో షియా వెన్న కాగుతోంది. ఆమె కూర్చునే కుండలో కలుపుతోంది, ఇద్దరు పొరుగు ఆడవాళ్ళు కట్టెలు ఎగదోస్తున్నారు. సుమైలా బండి చక్రం విప్పుకుంటున్నాడు. లోపలికి పోయి మాట్లాడుకుందామా అని అజిందో ఒక్క క్షణం ఆలోచించాడు. నిన్న ఆ పిల్ల తప్పు ఒప్పుకున్నది గుమ్మంలోనే. అది గుర్తొచ్చి, అక్కడే, ఆ ఆడవాళ్ళు వింటుండగానే చెప్పాడు. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"బరికిసూ, వేరుశనగ వల్ల కాదు. తప్పు నీది కాదు. నీ కోడి పంతొమ్మిదో రోజునే చచ్చిపోయింది. గోడెక్కిన కోడి వేరేది. దాని కాలు నేను విరవలేదు, విరవలేకపోయాను. నా చేతులు పోయాయి. రెండేళ్ళయింది."

ఆడవాళ్ళ చేతుల్లో కట్టెలు ఆగిపోయాయి. సుమైలా చక్రం వదిలి, చేతిలో పానా అలాగే పట్టుకుని, రెండడుగులు ముందుకి వచ్చాడు. అజిందో కదల్లేదు. కొడితే కొట్టించుకుందామనే ఉన్నాడు. సుమైలా ముఖం నల్లబడింది, దవడ కదిలింది, కానీ చెయ్యి లేవలేదు. తండ్రి వయసున్నవాణ్ణి కొట్టడం అతనికి చేతకాలేదు. అదే దెబ్బకంటే ఎక్కువ తగిలింది అజిందోకి.

బరికిసు కుండలో గరిటె తిప్పడం ఆపలేదు. ఆపితే వెన్న మాడుతుంది. కుండలోకే చూస్తూ అంది.

"అది వేరే కోడని నాకు తెలుసు బాబాయ్. ఆ రోజే తెలిసింది. మొదటిదాని కుడి కన్ను మీద తెల్ల ఈక ఉండేది. ఇరవై రోజులు నా గిన్నెలోంచి పెట్టానే, నాకు తెలియదా."

"మరి అడగలేదేం," అన్నాడు అజిందో. 

"నిన్నా?" అంది బరికిసు. "నువ్వు మార్చావంటే అది కూడా మందులో ఒక భాగమేమో అనుకున్నాను."

పొరుగావిడ ఒకతె అయ్యో అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బరికిసు అప్పుడు మొదటిసారి తలెత్తి అతని ముఖంలోకి చూసింది. కాలు సరిగా కూర్చోలేదని నీకు ఎప్పుడు తెలిసింది అని అడిగింది. కట్టు విప్పిన రోజున అని చెప్పొచ్చు. అది కూడా నిజమే, సగం నిజం.

"కట్టిన రోజునే," అన్నాడు. "సరిగా కూర్చుందని నా వేలికి తెలియలేదు, అయినా కట్టేశాను."

 బరికిసు గరిటె పొరుగావిడ చేతికిచ్చి, మొగుణ్ణి పిలిచి లేపమంది. అజిందో సాయం పట్టబోతే ఆ చేతిని మోచేత్తో పక్కకి నెట్టింది. చక్రం బిగించు, మేడంని ఎక్కించుకుని పట్నం పోదాం అని సుమైలాకి చెప్పింది. అజిందో తన పని అయిపోయిందనుకుని వెనక్కి తిరగబోయాడు.

"ఎక్కడికి?" అంది బరికిసు. "నువ్వూ ఎక్కు. డాక్టరుకి నువ్వే చెప్పాలి, ఎటు లాగావో ఎక్కడ నొక్కావో. నాకు తెలియదు కదా, నేను కళ్ళు మూసుకున్నాను."

సుమైలా బండి నడుపుతుంటే, దారి పొడవునా వెనక ముగ్గురూ ఎదురెదురుగా కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా బరికిసు అపోకా చెయ్యి పట్టుకునేది. అజిందో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.  అపోకా ఒకసారి నీళ్ళ పొట్లం ఇస్తే తీసుకున్నాడు గాని తాగలేదు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూశాడు. కుర్రవాడు, దేశం దక్షిణపు కొస నుంచి వచ్చినవాడు, వాళ్ళ భాష రాదు. అపోకా అటూ ఇటూ మాట మారుస్తూ కూర్చుంది. ఎముక వేలెడు పొడవున ఒకదాని మీద ఒకటి ఎక్కింది, కింది ముక్క పక్కకి తిరిగింది, ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి మళ్ళీ విడదీసి కమ్మీ పెట్టి సరిచేస్తాం, నడుస్తుంది అన్నాడు. బరికిసు అపోకా చెవిలో ఏదో అడిగింది. అపోకా ఒక నిమిషం తటపటాయించి డాక్టర్ని అడిగింది. తోరా ఆట గురించే. డాక్టరు భుజాలు ఎగరేసి, ఆ తర్వాత ఆ ముఖం చూసి, చూద్దాం అన్నాడు. ఆ మాటకి అనువాదం అక్కరలేకపోయింది.

తర్వాత డాక్టరు అజిందో వైపు తిరిగాడు. అజిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎటు లాగాడో, ఎక్కడ నొక్కాడో, ఏం మాత్రలు మింగి ఉన్నాడో. జేబులో మిగిలిన అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు దాన్ని చూసి కోప్పడతాడనుకున్నాడు. కోప్పడలేదు. చేతులు చూపించమన్నాడు. బొటనవేలి మొదట్లో నొక్కాడు. అజిందో కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని చెయ్యి లాక్కోలేదు. దీనికి వైద్యం ఉంది, ఈ సంత మాత్రలు మానెయ్యి, నేను రాసేవి వాడు, మీ కాపడం మానక్కర్లేదు, వ్యాయామం అపోకా నేర్పుతుంది అన్నాడు. కానీ ఈ చేతులతో ఇంకెవరి ఎముకా కట్టకూడదు. అపోకా ఆ చివరి మాట మెల్లగా చెప్పింది. అజిందో తలూపాడు.

బరికిసుని చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్ళారు. వెళ్తూ ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. సుమైలా తలుపు దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు.

వరండాలో బల్ల మీద అపోకా అజిందో పక్కన కూర్చుంది. సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది. ఈ రెండేళ్ళలో ఎందరికి కట్టారు పెద్దయ్యా, గుర్తున్నంతవరకు పేర్లు చెప్పండి, ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చూడాలి అంది. గుర్తు లేదనొచ్చు. కానీ కట్టు వైద్యుడికి మనుషుల ముఖాలు మరుపుకు రావొచ్చు గాని ఎముకలు రావు. చెప్పడం మొదలుపెట్టాడు. మేకల కాపరి, మోచెయ్యి. ఇమాం గారి చిన్న తమ్ముడు, కాలర్ ఎముక. బావి దగ్గర జారిన ముసలావిడ, ఆవిడ పోయింది. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే రోజు, ఒకే చెట్టు మీద నుంచి. ఒక్కో పేరుకీ గొంతు కిందకి దిగుతూ వచ్చింది. పదిహేడు పేర్లు చెప్పాక ఆగాడు. అంతేనా అంది అపోకా. అంతే అన్నాడు. ఆమె కాగితం మడవబోయింది.

"ఇంకొకటి ఉంది," అన్నాడు అజిందో.

ఆమె మళ్ళీ కాగితం విప్పింది.

"సెనాటు. నా పెళ్ళాం. ఎడమ మణికట్టు. కిందటేడు వానల్లో జారిపడింది."

అపోకా రాసుకుంది. రాసి, ఇప్పుడు ఎలా ఉంది, దంచేటప్పుడు నొప్పి పెడుతోందా ఆవిడకి అని అడిగింది.

అజిందో రెండు చేతులూ మళ్ళీ తొడల కింద పెట్టుకున్నాడు.

"అడగలేదు," అన్నాడు.